ట్రంకు పెట్టె మీది నంబరు

(డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు సికింద్రాబాద్‌లో మాజీ సైనికుల సంఘం ఏర్పాటు చేసిన సభలో సంఘం కోశాధికారి చేసిన ప్రసంగం. ఆయన సైన్యంలో క్లర్క్‌గా పనిచేసి సుబేదార్ హోదాలో రిటైరయ్యారు.)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న, సైన్యంలో భర్తలను పోగొట్టుకున్న వీరనారీ తల్లులకు, అక్కచెల్లెళ్లకు, నా తోటి ఫౌజీలకు, పొద్దుటి నుంచి జెండాలు పంచి అలిసిపోయి వచ్చిన బడిపిల్లలకు నమస్కారం. జైహింద్.

ఉదయం మనలో చాలామందిమి పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం దగ్గర కలిశాం. పూలు పెట్టాం, రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. నా పక్కన ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటాయి. మోకాళ్ల నొప్పులు, కర్ర లేకుండా అడుగు పడదు. మౌనం మొదలవుతుందనగానే కర్ర తీసి మనవడి చేతికిచ్చేశారు. ఆ రెండు నిమిషాలూ సావధాన్‌లో నిలబడ్డారు. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. పిడికిళ్లు మాత్రం ప్యాంటు కుట్టు మీద నుంచి కదల్లేదు. అరవై ఏళ్ల కిందట డ్రిల్లు నేర్పే ఏ ఉస్తాద్ నేర్పాడో గానీ, ఒంట్లో అలాగే ఉండిపోయింది. ఆయన ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు.

నన్ను కోశాధికారిగా లెక్కల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ డబ్బు లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా చెప్పాలి. అది చెప్పకపోతే మనం ఈ విరాళాల డబ్బాలు పట్టుకుని ఎందుకు తిరుగుతున్నామో కొత్తగా చేరినవాళ్లకు అర్థం కాదు.

ఈ ఊళ్లో ఇంతమంది మిలిటరీ వాళ్లు ఎందుకున్నారు తాతా అని పిల్లలు అడుగుతుంటారు. సికింద్రాబాద్ పుట్టిందే 1806లో, పటాలం ఊరుగా. ఇవాళ్టికీ గోల్కొండ దగ్గర ఫిరంగి దళం వాళ్ల ఆర్టిలరీ సెంటర్ ఉంది, తిరుమలగిరి వైపు సైన్యం బళ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ, ఆయుధాలు, సామాన్లు సమకూర్చే ఆర్డ్‌నెన్స్ సెంటర్లున్నాయి, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. దేశం నలుమూలల నుంచి రంగ్రూట్, అంటే కొత్త సిపాయి‌గా ఇక్కడికి వచ్చిన పిల్లాడు జీవితంలో మొదటిసారి బూట్లు తొడుక్కున్నది ఈ నేల మీదే. రిటైరయ్యాక మిలిటరీ హాస్పిటల్ దగ్గరుంటుందని, క్యాంటీన్ దగ్గరుంటుందని సైనిక్‌పురిలోనో యాప్రాల్‌లోనో అల్వాల్‌లోనో చిన్న ఇల్లు కట్టుకుంటాడు. నల్లగొండ, పాలమూరు, శ్రీకాకుళం నుంచి వెళ్లిన మన తెలుగు పిల్లలూ అంతే. ఇందులో సొంత ఊరికి తిరిగి వెళ్లినవాళ్లు కొందరు, పిల్లల చదువుల కోసం ఇక్కడే ఆగిపోయినవాళ్లు ఎక్కువమంది.

హైదరాబాద్‌కు యుద్ధంతో ఉన్న చుట్టరికం ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో పాటు మన హైదరాబాద్ లాన్సర్లు, అంటే గుర్రపు దళం వాళ్లు కూడా ఒకే బ్రిగేడ్‌లో పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబెట్టిన మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులకు గుర్తు. డబ్బు ఇవ్వడంలోనూ ఈ ఊరు ముందే ఉంది. 1918లో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేనలో ఒక స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి, ఆ 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి. 1965 యుద్ధం తర్వాత నిజాం ఐదు టన్నుల బంగారం దేశానికి దానం చేశారని మనందరం విన్నాం. ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతోంది. నిజం ఏమిటంటే, ఆయన నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో 425 కిలోల బంగారం పెట్టారు. అది దానం కాదు, ఆరున్నర శాతం వడ్డీ వచ్చే పెట్టుబడి. ఆ రోజుల్లో 425 కిలోలు ప్రభుత్వం చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దేశం కోసం ఇచ్చిన సొమ్ము గురించి మాట్లాడేటప్పుడు ఒక్క తులం కూడా పెంచి చెప్పకూడదు. కోశాధికారిగా నా పట్టుదల అది. మన సంఘంలో ఎవరికైనా నా మీద కోపం వస్తే దీనివల్లే వస్తుంది, రానివ్వండి.

ఇప్పుడు మన లెక్క. ఫ్లాగ్ డే, అంటే ఇవాళ్టి పతాక దినోత్సవం, 1949లో మొదలైంది. అప్పటి నుంచి ఏటా డిసెంబరు 7నే. ఈ చిన్న కాగితం జెండాలో మూడు రంగులుంటాయి. ఎరుపు సైన్యానిది, ముదురు నీలం నౌకాదళానిది, లేత నీలం వాయుసేనది. మా చిన్నప్పుడు గుండుసూదితో చొక్కాకు గుచ్చేవాళ్లు, ఇప్పుడు స్టిక్కర్ వచ్చింది. ఈ జెండాలు పంచి వసూలు చేసిన ప్రతి రూపాయీ సైనిక సంక్షేమ శాఖకు వెళ్తుంది, మన సంఘానికి కాదు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. డబ్బాలకు సీలు ఉంటుంది. ముగ్గురి ఎదుట విప్పుతాం, చిల్లర కూడా లెక్కపెడతాం, కట్టి రసీదు తెచ్చుకుంటాం. మన సంఘం ఖర్చులకు వాడేది వేరే నిధి. సభ్యులు నెలనెలా ఇచ్చేది, శ్రేయోభిలాషులు ఇచ్చేది. ఈ రెండూ ఎప్పుడూ కలవవు. రెండు పుస్తకాలూ ఆ మూల బల్ల మీద పెట్టాను, ఎవరైనా తిరగేయొచ్చు.

ఢిల్లీకి చేరిన ఫ్లాగ్ డే నిధి నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం చేస్తుంది. పింఛను లేకుండా, 65 దాటి, హవల్దార్ స్థాయి వరకు పనిచేసిన మాజీ సైనికులకు, వాళ్లు పోతే వాళ్ల భార్యలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చేవారు. 2025 నవంబరు 1 నుంచి దాన్ని 8,000 చేశారు. పిల్లల చదువుకు ఇచ్చేది నెలకు 1,000 నుంచి 2,000 అయింది, ఇద్దరు పిల్లల వరకు. ఆడపిల్ల పెళ్లికి, భర్త పోయిన ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే దానికీ 50,000 ఉండేది లక్ష అయింది. పింఛను లేని మాజీ సైనికుడు అంటే ఎవరని కొత్తవాళ్లకు సందేహం రావచ్చు. జవానుకు పింఛను రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి. ఇంటి పరిస్థితి బాగోలేక తనంతట తాను పన్నెండేళ్లకే వచ్చేసినవాడు యుద్ధం చేసి ఉన్నా సరే పింఛను రాదు. అలాంటివాళ్లు మన బస్తీల్లో వాచ్‌మన్ ఉద్యోగాలు చేసి చేసి ముసలివాళ్లయ్యారు. వాళ్లలో సగంమందికి ఈ సాయం ఉందని కూడా తెలియదు, మన వాళ్లు ఇల్లిల్లూ తిరిగితే ఆ విషయం నాకే అర్థమైంది.

ఇంతకీ నేను చెప్పాలనుకున్న రెండో లెక్కకు వస్తాను.

మొన్న మల్కాజిగిరిలో ఒక బడికి వెళ్లాను. ఏడో తరగతి పిల్లాడు లేచి, తాతా, యుద్ధంలో మీరు తుపాకీ పేల్చారా అని అడిగాడు. ట్రైనింగ్‌లో పేల్చాను గానీ యుద్ధంలో నేను టైప్ కొట్టాను నాన్నా అన్నాను. పిల్లలందరి మొహాలూ చిన్నబోయాయి. ఆ పిల్లాడికి ఆ రోజు టైమ్ లేక సరిగా చెప్పలేకపోయాను. ఇవాళ వాడు ఇక్కడికి వచ్చాడు, చూశాను. వాడి కోసం చెబుతున్నాను.

1971 డిసెంబరులో నాకు పద్దెనిమిదేళ్లు, రంగ్రూట్‌ని. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని, 93,000 మంది ఖైదీలయ్యారని బ్యారక్‌లో ట్రాన్సిస్టర్ చుట్టూ చేరి విన్నాం. ఎగిరి గంతులేశాం. ఆ రోజే పశ్చిమ సరిహద్దులో బసంతర్ నది దగ్గర ఇరవయ్యొక్కేళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ కాలుతున్న ట్యాంకును వదిలి రానని చనిపోయారని మాకు తర్వాత తెలిసింది. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. నాకంటే మూడేళ్లే పెద్ద.

నేను యుద్ధాన్ని దగ్గరగా చూసింది 1987లో. మా 54వ డివిజన్ సికింద్రాబాద్ డివిజన్. జూలై ఆఖరున శ్రీలంకకు ఆర్డర్లు వచ్చాయి. శాంతి సేన అన్నారు, అలాగే అనుకుని వెళ్లాం. అక్టోబరు కల్లా జాఫ్నాలో పోరు మొదలైంది. నేను పలాలీ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర ఒక టెంట్‌లో టైప్‌రైటర్ ముందు కూర్చున్నాను. పోరు జరిగే చోటి నుంచి వచ్చే చీటీలు చూసి, చనిపోయినవాళ్ల, గాయపడ్డవాళ్ల వివరాలు టైప్ చేయడం నా డ్యూటీ. నాలుగు కార్బన్ కాపీలు. ఉక్కపోతకు కార్బన్ కాగితం వేళ్లకు అంటుకునేది. ఆ చీటీలు ఎలా ఉండేవో చెప్పనా? సిగరెట్ పెట్టె అట్ట చించి దాని మీద పెన్సిల్‌తో రాసినవి కూడా వచ్చాయి. కొన్నింటి మీద అక్షరాలు అలుక్కుపోయి ఉండేవి. చెమటో, వానో, ఇంకేమిటో చూడకుండా టైప్ చేయడం అలవాటు చేసుకున్నాను.

మొదటి రాత్రి నా వెనక మా సుబేదార్ సాబ్ నిలబడ్డారు. ఆయన ఉత్తరాది మనిషి. బేటా, పేరు తప్పు కొడితే దిద్దుకోవచ్చు, నంబరు తప్పు కొట్టకు అన్నారు. పేరు పదిమందికి ఉంటుంది, సైన్యం ఇచ్చిన సర్వీస్ నంబరు ఒక్కడిదే. ఒక్క అంకె తప్పితే బతికున్నవాడి ఇంటికి టెలిగ్రామ్ పోతుంది, చనిపోయినవాడి ఇంట్లో పండగకు వస్తాడని ఎదురుచూస్తుంటారు. అందుకని ప్రతి నంబరూ ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి చదివించేవారు. టెలిగ్రామ్ అన్న మాట వింటేనే మన ఇళ్లల్లో ఆడవాళ్లు కూలబడిపోయే రోజులవి. ఆ టెలిగ్రాములకు మొదటి అక్షరం నా వేలి కింద పడింది. 1990 మార్చిలో మన చివరి దళం తిరిగొచ్చేసరికి 1,100 మందికి పైగా మన సైనికులు అక్కడ ప్రాణాలు వదిలారు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర వచ్చింది. మిగతావాళ్లలో ఎక్కువమంది పేర్లు వాళ్ల ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియవు. కార్గిల్‌లో పోయిన 527 మంది గురించి మన పిల్లలు బడిలో చదువుతారు, చదవాలి కూడా. శ్రీలంకలో పోయినవాళ్ల గురించి చదవరు. ఆ బాధ నాకు ఇవాళ్టికీ తగ్గలేదు, అందుకే ప్రతి సభలోనూ చెబుతాను.

అక్కడ నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. చనిపోయిన సైనికుడి కాగితం మీద ఏం రాశారన్న దాన్ని బట్టి అతని భార్య బతుకు ఉంటుంది. బ్యాటిల్ క్యాజువాల్టీ, అంటే యుద్ధంలో పోయినవాడు అని రాస్తే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే అతని ఆఖరి జీతానికి సమానంగా వస్తుంది. డ్యూటీ వల్ల పోయాడు గానీ యుద్ధంలో కాదంటే 60 శాతం. మామూలు చావు అంటే మొదటి పదేళ్లు 50 శాతం, ఆ తర్వాత 30 శాతమే. అదే మనిషి, అదే ఇల్లు, అదే పిల్లలు. కాగితం మీద ఒక్క వాక్యం మారితే బియ్యం డబ్బా నిండటం, నిండకపోవడం మారిపోతుంది. తుపాకీ పట్టనివాడి డ్యూటీ ఎంత బరువో ఆ పిల్లాడికి ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మన తెలుగువాళ్ల కాగితాల్లో ఉన్నన్ని చిక్కులు ఇంకెవరి కాగితాల్లోనూ ఉండవని నా అనుభవం. మనకు ఇంటి పేరు ముందు వస్తుంది. సైన్యం కాగితాల్లో అది వెనక్కి పోతుంది, లేదా ఒక్క అక్షరమై మిగులుతుంది. ఆధార్‌లో పూర్తిగా రాస్తారు. ఇప్పుడు పింఛన్లన్నీ స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి వచ్చాక, ఆ ముగ్గురూ ఒకే మనిషని కంప్యూటర్‌కు తెలియదు. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. పెళ్లయ్యాక జవాను వచ్చి పార్ట్ టూ ఆర్డర్ అనే రికార్డు కాగితం‌లో భార్య పేరు ఎక్కించుకోవాలి. ఆ తరం మగవాళ్లు భార్య పేరు నోటితో పలకడానికే సిగ్గుపడేవాళ్లు. నేలచూపులు చూస్తూ ఇంట్లో పిలిచే పేరు చెప్పేవాడు. పుట్టిన తేదీ అడిగితే, రజాకార్ల గొడవప్పుడు పుట్టిందట సాబ్ అనేవాడు. ఎదురుగా కూర్చున్న క్లర్క్ హర్యానా వాడో తమిళుడో అయి ఉంటాడు, చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసేవాడు. తెలుగువాణ్ని అయ్యుండీ నేనూ అలాగే రాశాను. ఇంట్లో పిలిచే పేరా, పెట్టిన పేరా అని అడగాలని నాకు ఆ వయసులో తట్టలేదు. నా చేత్తో అలా ఎన్ని రాశానో. రిటైరయ్యాక ఈ పని భుజాన వేసుకోవడానికి అదొక కారణం.

నాలుగేళ్ల కిందట మౌలాలి వైపు ఒక బస్తీకి వెళ్లాను. ఒక అక్క ఉంది, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. భర్త ఆర్టిలరీలో డ్రైవర్, 1971లో పశ్చిమ సరిహద్దులో ఉన్నాడు, పింఛనుతో రిటైరయ్యాడు, తర్వాత పోయాడు. అతను పోయాక ఆమెకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ మూడేళ్లుగా రావడం లేదు. రికార్డుల్లో ఉన్న భార్య ఈమె కాదన్నారు. రికార్డులో లచ్చమ్మ అనుకోండి, ఆధార్‌లో లక్ష్మి అనుకోండి, అలాంటి తేడా. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పంపారు, ఇంకో ఆఫీసు మళ్లీ మొదటిదానికి పంపింది. పోయినప్పుడల్లా ఒక పూట కూలి పోయేది, ఆటో డబ్బులు పోయేవి. చివరికి వెళ్లడమే మానేసింది. సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్ ఎక్కడక్కా అంటే, ఇల్లు కురిసినప్పుడు తడిసి ముద్దయిపోయిందంది. పీపీఓ, అంటే పింఛను మంజూరు ఉత్తర్వు, దాని నంబరు తెలియదు. బ్యాంకు పాస్‌బుక్ కొడుకు ఎక్కడో పెట్టాడు. నాకు చేతులు ఆడలేదు.

ఆమె మంచం కింద నల్ల ట్రంకు పెట్టె ఉంది. మన ఫౌజీల ఇళ్లల్లో అందరికీ ఉండేదే. తాళం పోయి, గొళ్లేనికి చీర అంచు చింపి కట్టింది. అందులో ఇప్పుడు బియ్యం పోసుకుంటోంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు, యూనిట్ రాసుంటాయి కదా, అవి చాలావరకు రాలిపోయాయి. మొదటి రెండు అంకెలు, చివరి ఒక్క అంకె మిగిలాయి. నేను వంగి వేలితో తడిమి చూస్తున్నాను, పెయింట్ పోయినా గరుకు మిగిలి ఉంటుందేమోనని.

ఏం చూస్తున్నవ్ తమ్మీ అంది.

నంబరు అక్కా. బావది నంబరు దొరికితే ఏమైనా చేయొచ్చు అన్నాను.

దానికి పెట్టె ఎందుకు, నాకెరుకే కదా అంది. చీపురు పక్కన పెట్టి, నిటారుగా కూర్చుని చెప్పింది. అంకె తర్వాత అంకె, ఎక్కడా తడుముకోలేదు. నంబరు, తర్వాత డ్రైవర్, తర్వాత పేరు, రెజిమెంట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు. ఇంగ్లీషులోనే చెప్పింది, బడి మొహం చూడని మనిషి. ఎలా వచ్చక్కా నీకు అంటే, ఉత్తరాలు రాయించేదాన్ని కదా అంది. పక్కింటి పిల్లాడి చేత ఇన్‌ల్యాండ్ లెటర్ రాయించేదట. ఒకసారి వాడు అడ్రసు తప్పు రాస్తే ఉత్తరం రెండు నెలలకు తిరిగి వచ్చిందట. అది యుద్ధం టైమ్. ఆ రెండు నెలలూ ఇంటి నుంచి ఉత్తరం లేక అక్కడ అతను, జవాబు లేక ఇక్కడ ఈమె. అప్పటి నుంచి అడ్రసు కంఠతా పట్టి, రాసేవాడి చేత రాయించి, మళ్లీ చదివించుకుని, ఒక్క అంకె తప్పినా కొట్టేయించేదట. మా సుబేదార్ సాబ్ నాకు పలాలీలో నేర్పిన పాఠం, అంతకు పదహారేళ్ల ముందే ఈ అక్క తనంతట తాను నేర్చుకుంది.

నేను ఆ నంబరు చీటీ మీద రాసుకుని, ఆమెకు చదివి వినిపించాను. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. సరిపోయింది అంది.

ఆ తర్వాత జరిగింది పెద్ద కథ కాదు గానీ ఎనిమిది నెలలు పట్టింది. ఆర్టిలరీ రికార్డ్స్ నాసిక్ రోడ్‌లో ఉంటుంది. నంబరుతో అర్జీ పెడితే ఫైలు దొరికింది. రెండు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ చేయించాం, ఊరి నుంచి సర్టిఫికెట్ తెచ్చాం, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒకటి ఆడపడుచు ఇంట్లో దొరికింది. నోటరీ, జిరాక్సులు, రిజిస్టర్ పోస్టు, ఆటోలు, రెండుసార్లు బస్సు. ఈ ఖర్చంతా మన సంఘం నిధిలోంచే పోయింది. అన్నీ కలిపితే, పోయినేడు మనం ఈ వేదిక మీద కప్పిన శాలువాల ఖర్చులో సగం కూడా కాలేదు.

ఈ మాట అన్నందుకు కమిటీ పెద్దలు ఏమీ అనుకోవద్దు. సన్మానం వద్దని నేననను. అరవై ఏళ్లు ఎవరూ గుర్తించని మనిషికి పదిమందిలో శాలువా కప్పితే ఆ కళ్లల్లో వెలుగు నేనూ చూశాను. కానీ వచ్చే ఏడాది శాలువాలు సగానికి తగ్గిద్దాం. ఆ డబ్బుతో వేలిముద్ర తీసుకునే యంత్రం ఇంకొకటి కొందాం. నవంబరు వస్తే, బతికే ఉన్నామని చూపించే లైఫ్ సర్టిఫికెట్ కోసం ఎంత టెన్షన్ పడుతున్నారో మీకు తెలుసు. వ్యవసాయం చేసి, గిన్నెలు తోమి, వేళ్ల మీద గీతలు అరిగిపోయినవాళ్లకు ముద్ర పడదు. మంచంలో ఉన్నవాళ్లు ఆఫీసుకు రాలేరు. మన కుర్రాళ్లు బండి మీద యంత్రం పట్టుకుని ఇళ్లకు వెళ్లాలి. ఒక్కటే యంత్రంతో ఈసారి అల్వాల్ నుంచి ఉప్పల్ దాకా తిరగలేక చచ్చారు.

కంపెనీల్లో పనిచేసే మన పిల్లలకు కూడా ఒక విన్నపం. మాజీ సైనికుల కోసం, యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్నవాళ్ల కోసం, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్ల కోసం పెట్టే ఖర్చును కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు, అంటే సీఎస్ఆర్‌లో చూపించుకోవచ్చని కంపెనీల చట్టంలోనే ఉంది. ఫ్లాగ్ డే నిధికి ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు కూడా ఉంది. మీ ఆఫీసులో ఈ మాట ఒకసారి చెవిన వేయండి. పెద్ద మొత్తాలు అటు నుంచి వస్తే మంచిదే. కానీ నిజం చెబుతున్నాను, ఈ డబ్బాల్లో పడేది చూస్తే నాకు కడుపు నిండుతుంది. పొద్దున మోండా మార్కెట్‌లో ఒక కూరగాయల ఆమె పది రూపాయలు వేసి, జెండాను చీరకు అంటించుకోకుండా తక్కెడ కాడకు అంటించింది. ఇక్కడైతే కొనేవాళ్లందరికీ కనపడుతుంది కదా అంది.

మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ బిడ్డ, ఉస్మానియాలో చదివారు. 1999 జూన్ 28న కార్గిల్‌లో ప్రాణాలిచ్చారు, మహావీర చక్ర వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు ఇంటికి రాసిన ఉత్తరంలో, కడుపుతో ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని తండ్రిని కోరారు. ఆ తండ్రి కూడా వాయుసేనలో పనిచేసి, యుద్ధాలు చూసినవారే. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో పోయినప్పుడు మన రాష్ట్రమంతా కదిలింది. ఈ ఇద్దరి పేర్లూ మన పిల్లలకు తెలుసు, ఎప్పటికీ తెలియాలి. ఆ పేర్ల వెనక నంబర్లు మాత్రమే మిగిలిన వేలమంది ఉన్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లే పని మన సంఘానిది.

ఇప్పుడు మీ అందరికీ ఒక పని చెబుతాను. ఇవాళ ఇంటికి వెళ్లగానే డిశ్చార్జ్ బుక్ బయటకు తీయండి. భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో ఒక్కొక్క అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే మీరు బతికుండగానే దిద్దించండి. మీరు చేస్తే ఒక సంతకంతో పోయేది, మీరు పోయాక ఆవిడ చేస్తే ఏళ్లు పడుతుంది. పీపీఓను లామినేషన్ చేయించకండి, తర్వాత స్టాంపు పడదు. ఫొటో తీసి పిల్లల ఫోన్లలో పెట్టండి. ముఖ్యంగా మీ నంబరు ఇంట్లో ఆడవాళ్లకు నేర్పండి. ఇప్పుడు ఉత్తరాలు రాసే పని లేదు కాబట్టి వాళ్లకు రాదు.

ఆ అక్క సంగతి మధ్యలో వదిలేశాను. బకాయిలతో సహా పింఛను పడ్డ నెలలో ఆమె మన సంఘం ఆఫీసుకు వచ్చింది. కొంగు ముడి విప్పి నూటపదహార్లు బల్ల మీద పెట్టింది. వద్దక్కా, ఉంచుకో అన్నాను. ఆయన పేరు మీద తీసుకో తమ్మీ, ఇంకో ఆడిదానికి ఆటో కిరాయి అయితది అంది. నేను రసీదు పుస్తకం తీసి పేరు రాయబోతుంటే ఆగమని చేత్తో ఆపింది. ముందు నంబరు రాయి, తర్వాత పేరు రాయి అంది. రసీదులో నంబరుకు గడి లేదు. పేరు గీత మీదే ముందు నంబరు రాశాను. చదవమంది. చదివాను.

ఆ రసీదు పుస్తకమే ఇవాళ వెనక తలుపు దగ్గర, ఫ్యాను కింద బల్ల మీద ఉంది. మా కుర్రాళ్లు రెండు కంప్యూటర్లు కూడా పెట్టారు, సాయంత్రం ఆరు దాకా ఉంటారు. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు భోజనాల కంటే ముందు అక్కడికి రండి. కాగితాలు లేనివాళ్లు నంబరు చెప్పండి చాలు. జైహింద్.